గేమ్‌లో డబ్బులు పెట్టి గెలిచా, లెక్క ఇదీ

నేను విజయవాడ గాంధీనగర్లో ఒక ఆడిటర్ గారి దగ్గర అకౌంట్స్ చూస్తా. బట్టల షాపులు, మెడికల్ ఏజెన్సీలు, రెండు హోటళ్ళు, వీళ్ళందరి ట్యాలీ ఎంట్రీలు, జీఎస్టీ రిటర్నులు నా చేతి మీదుగానే పోతాయి. రూపాయి తేడా వచ్చినా రాత్రి పదింటి దాకా కూర్చుని అదెక్కడ పోయిందో పట్టుకుంటా. అలాంటోణ్ణి, 15 నెలల పాటు నా ఫోన్లోంచి డబ్బులు పోతుంటే ఒక్కసారి కూడా మొత్తం కూడుకుని చూసుకోలేదు. చూసుకోలేదు అనేకంటే చూడ్డానికి భయమేసింది అంటే కరెక్ట్.

డబ్బులు పెడితే ఆన్‌లైన్ గేముల్లో అన్యాయంగా పైకెళ్ళిపోతారా లేదా అని ఎక్కడ చూసినా కొట్టుకుంటూనే ఉంటారు కదా, నేను రెండు వైపులా ఉండి వచ్చినోణ్ణి. పైసా పెట్టనోడిగా తన్నులు తిన్నా, పెట్టినోడిగా తన్నా, ఆఖర్న నాకంటే ఎక్కువ పెట్టినోడి చేతిలో మళ్ళీ తిన్నా. గేమ్ పేరు చెప్పను. కోట కట్టుకోవాలి, సైన్యం తయారు చేసుకోవాలి, పక్కోడి కోట మీద పడాలి, ఈ టైపు గేములన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి, పేరు చెప్పినా చెప్పకపోయినా ఆడినోళ్ళకి అర్థమైపోద్ది.

అసలు నేను ఈ లైన్లోకి రావడానికి కారణం పబ్జీ. 2020 సెప్టెంబర్లో పబ్జీ మొబైల్ బ్యాన్ చేశారు, తర్వాతేడు జులైలో దాన్నే మన దేశానికని మార్చి బీజీఎంఐ అని తెచ్చారు, హమ్మయ్య అనుకుని ఏడాది ఆడామో లేదో 2022 జులై 28న అది కూడా స్టోర్లోంచి మాయం. మా బ్యాచ్ నలుగురం రోజూ రాత్రి తొమ్మిదిన్నరకి కూర్చునేవాళ్ళం, ఒక్కసారిగా ఏం చెయ్యాలో తెలీలేదు. అప్పుడు మా బావమరిది ఈ కోటల గేమ్ లింక్ పంపాడు. "బావా ఇది ఆఫీసులో కూడా ఆడుకోవచ్చు, రెండు నిమిషాలు చూసి పక్కన పెట్టేయడమే" అన్నాడు. రెండు నిమిషాలంట!

ఇక్కడ ఒక మాట చెప్పాలి. బీజీఎంఐలో కూడా నేను డబ్బులు పెట్టా, యూసీ, అంటే ఆ గేములో చెల్లే డబ్బు, కొని గన్ స్కిన్ ఒకటి, డ్రెస్ ఒకటి తీసుకున్నా. కానీ ఆ స్కిన్ వల్ల బుల్లెట్ దెబ్బ ఒక్క పాయింట్ కూడా పెరగదు. నేను మెరిసిపోయే డ్రెస్ వేసుకుని దిగితే చెడ్డీ బనీన్లో ఉన్న ఏడో క్లాసు పిల్లోడు ఒకే ఒక్క షాట్‌తో పడగొట్టిన రోజులు బోలెడు. అది సోకుకి పెట్టిన డబ్బు, పెళ్ళికి షేర్వానీ కొన్నట్టు. డోటా 2 లాంటి వాటిలో కూడా అంతే, హీరోలందరూ అందరికీ ఫ్రీ, కొనేదంతా పైపై ముస్తాబు. అందుకని గేములో డబ్బు అనగానే అన్నిట్నీ ఒకే గాటన కట్టేస్తే నాకు నచ్చదు. నేను చెప్పేది రెండో రకం గురించి, అంటే డబ్బు పెడితే బలం పెరిగే గేముల గురించి.

మొదటి రెండు నెలలు పైసా పెట్టలేదు. మొదట్లో గేమ్ మనల్ని అల్లుణ్ణి చూసుకున్నట్టు చూసుకుంటది. ఏ బిల్డింగ్ ముట్టుకున్నా ఐదు నిమిషాల్లో అయిపోద్ది, బహుమతులు, బాణాసంచా. పదో లెవెల్‌కి రెండు గంటలు, పదిహేనుకి ఒక రోజు, ఇరవై దాటాక ఒక్క గోడ పెంచడానికి 11 రోజులు. పదకొండు రోజులు! మా వీధిలో నిజం గోడ అంతకంటే ముందు లేచింది. పైగా కట్టేవాడు ఒక్కడే ఉంటాడు, రెండో మేస్త్రి కావాలంటే ₹89. అదే నా మొదటి పేమెంట్. ₹89 అంటే ఏముంది, బెంజి సర్కిల్ దగ్గర ఒక ప్లేటు నూడుల్స్, అనుకున్నా.

నిజంగా గేట్లు తెరుచుకున్నది మాత్రం నవంబర్లో. మన కోట మీద ఎవరూ దాడి చెయ్యకుండా షీల్డ్ అని ఉంటది, ఎనిమిది గంటలది ఫ్రీగా దొరుకుద్ది. ఆ రోజు నేను రాత్రి తొమ్మిదిన్నరకే వేసి పడుకున్నా, అంటే తెల్లారి ఐదున్నరకి అయిపోద్ది. ఐదింటికి అలారం పెట్టా కానీ అది మోగిందో నేనే నొక్కేశానో తెలీదు. ఆరింటికి లేచి చూస్తే కోట మంటల్లో ఉంది. రిపోర్టులు చూశా, 5:34కి మొదటి దెబ్బ, 5:51కి ఐదో దెబ్బ. పదిహేడు నిమిషాల పని. నా దగ్గర లక్షా పది వేల సైన్యం ఉంది, హాస్పిటల్లో నలభై వేలకే చోటు, మిగతా డెబ్బై వేలు పోయినట్టే, తిరిగి రావు. వాడికి ఎన్ని పోయాయి అని చూస్తే ఆరొందలు చిల్లర. వాడిది నాలుగో తరగతి సైన్యం, నాది రెండో తరగతి. అంతే, ఇందులో తెలివి లేదు ఎత్తు లేదు, వాడొచ్చి బటన్ నొక్కాడు.

ఆ రిపోర్టు క్లోజ్ చెయ్యగానే స్క్రీన్ మధ్యలో ఇంకో బాక్స్ వచ్చింది. కోట మళ్ళీ కట్టుకోవడానికి స్పెషల్ ప్యాక్, ₹449, కింద రెండు గంటల టైమర్ వెనక్కి తిరుగుతా ఉంది. మంటలు ఇంకా ఆరలేదు, అమ్మేవాడు అప్పుడే వచ్చేశాడు. అప్పుడు నాకు కోపం ఆ కొట్టినోడి మీదే వచ్చింది గానీ ఈ బాక్స్ మీద రాలేదు, అది ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తది. బ్రష్ చెయ్యకముందే వేలిముద్ర పెట్టేశా.

తర్వాత నేను అలయన్స్, అంటే గేములో కలిసి ఆడే జట్టు, మారా. కోనసీమ నుంచి కువైట్ వెళ్ళిన ఒక అన్న నడిపే తెలుగోళ్ళ అలయన్స్, వంద మంది ఉంటాం, హైదరాబాద్, వైజాగ్, నిజామాబాద్, ఇద్దరు డల్లాస్ నుంచి. రాత్రి వాయిస్ చాట్ పెడితే ఊళ్ళో రచ్చబండ లాగే ఉండేది, గేమ్ కంటే సొంత గోలే ఎక్కువ. ఒకాయన కువైట్ ఎండల గురించి చెప్తే ఇంకొకాయన వాళ్ళావిడ చేసిన పులస పులుసు గురించి చెప్తాడు. నేను గేమ్ వదల్లేకపోవడానికి సగం కారణం ఈ జనమే, అది ఒప్పుకోవాలి.

అక్కడ ఇంకో మెలిక ఉంది. అలయన్స్‌లో ఎవరైనా ప్యాక్ కొంటే మిగతా అందరికీ తలా ఒక గిఫ్ట్ బాక్స్ పడుద్ది, కొన్నోడి పేరుతో సహా. నేను మొదటిసారి ₹899ది కొన్న రాత్రి చాట్లో "థ్యాంక్స్ అన్నా", "మావా కేక", "మన బెజవాడ అన్న అంటే ఏమనుకున్నార్రా" అని ఒకటే మోత. నేను పదేళ్ళుగా ఆఫీసులో ఎన్ని రిటర్నులు టైముకి వేసినా ఒక్కడూ థ్యాంక్స్ చెప్పిన పాపాన పోలేదు, మరి ఇక్కడ ₹899కి యాభై మంది! ఎవడికైనా ఇంకోటి కొనబుద్ధేస్తది. కొన్నా కూడా.

అలా 2023 మార్చి కల్లా నేను అలయన్స్‌లో పైనుంచి నాలుగో ప్లేసులో ఉన్నా. ఐదో తరగతి సైన్యం వచ్చింది, మేం టీ5 అంటాం. ఈ టీ5 ఫ్రీగా రాదా అంటే వస్తది, రాదని ఎవడూ అనడు, రెండేళ్ళు రెండున్నరేళ్ళు రోజూ ఆడితే. గేములోళ్ళ వాదన ఎప్పుడూ అదే, మేం బలం అమ్మట్లేదు టైమ్ అమ్ముతున్నాం, అందరికీ అన్నీ దొరుకుతాయి, తొందరున్నోళ్ళు డబ్బు కడతారు. వినడానికి బానే ఉంటది. తిరుమలలో మూడొందల టికెట్టూ అంతే కదా, సర్వదర్శనం వాళ్ళు గంటలు గంటలు కూర్చుంటారు మనం ముందెళ్ళిపోతాం, దేవుడు మాత్రం అందరికీ ఒకడే అని మా కువైట్ అన్న కూడా ఒకసారి అన్నాడు. నేనూ తలూపా. కానీ మూడొందల టికెట్ వాడు దర్శనం చేసుకుని బయటికొచ్చి సర్వదర్శనం క్యూలో ఉన్నోళ్ళ జేబులు కొట్టడు కదా! ఇక్కడ అదే జరుగుద్ది. నేను ముందెళ్ళిపోవడమే కాదు, ముందెళ్ళి వెనకున్నోడి కోట తగలబెడితేనే నా ముందుకి ఏదైనా అర్థం.

మా అలయన్స్‌లోని భీమవరం తమ్ముడి గురించి చెప్పకపోతే ఇది సగమే అవుద్ది. ఇంజినీరింగ్ సెకండియర్, ఒక్క రూపాయి పెట్టడు, పెట్టడానికి లేదు కూడా. కానీ ఆ గేమ్ వాడికి తెలిసినంతగా ఎవడికీ తెలీదు. ఎదుటోడు ఏ హీరోల్ని వాడుతున్నాడో రిపోర్టు చూసి చెప్పేస్తాడు, గుర్రాలు పంపాలా విలుకాళ్ళని పంపాలా, ఎన్ని సెకన్లు ఆగి పంపితే రెండు దెబ్బలు ఒకేసారి తగుల్తాయి, అన్నీ నోటి లెక్కే. ఆడేవాళ్ళని సర్వర్లు అని వేరే వేరే లోకాలుగా విడగొడతారు, ఆ సర్వర్ల మధ్య యుద్ధం వచ్చినప్పుడు ప్లాన్ మొత్తం వాడిదే. కానీ ర్యాలీ, అంటే పది ఇరవై మంది సైన్యం కలిపి ఒకడి పేరు మీద కొట్టడం, అది మాత్రం నేనే పెట్టాలి, ఎందుకంటే ఎవడు ర్యాలీ పెడితే వాడి గేర్ (ఆయుధాలు, కవచాలు), వాడి బోనస్ అందరికీ వర్తిస్తాయి. వాడి పేరు మీద పెడితే ఓడిపోతాం. "అన్నా మీరు నొక్కండి, నేను చెప్పినప్పుడు నొక్కండి" అనేవాడు వాయిస్‌లో. ప్లాన్ తమ్ముడిది, వేలు నాది, సర్వర్ అంతా బ్యానర్లో పేరు మాత్రం నాది. ఆరు నెలలు గెలిచా గానీ, ఇప్పటికీ ఆ గుర్రాల విలుకాళ్ళ లెక్క నాకు రాదు. అవసరం పడలేదు, డబ్బులున్నాయిగా.

2023 మే 20 శనివారం. డేట్ ఎందుకు గుర్తుందంటే 20వ తారీఖు జీఎస్టీఆర్ 3బీ అనే నెలవారీ జీఎస్టీ రిటర్నుకి ఆఖరి రోజు. ఆఫీసులో తొమ్మిది మంది క్లయింట్లవి పెండింగు, పోర్టల్ తిరుగుతా ఉంది తిరుగుతా ఉంది, ఓటీపీ రాదు, ఒక పక్క ఫోన్లో సర్వర్ల యుద్ధం మొదలైంది. నేను ఒక మెడికల్ ఏజెన్సీది చలానా జనరేట్ అయ్యే లోపల అవతలి సర్వర్లోకి దూరి, షీల్డ్ లేని కోట ఎక్కడుందా అని వెతికా. ఒకటి దొరికింది, 24వ లెవెల్. స్కౌట్, అంటే ముందు వేగు పంపితే వచ్చే సమాచారం, అది కూడా సరిగ్గా చూడలేదు, సైన్యాన్ని పంపేశా. రిపోర్టు వచ్చింది, నావి 212 గాయాలు, చనిపోయినవి సున్నా. వాడివి 94 వేలు పోయాయి. మళ్ళీ పంపా. చలానా వచ్చింది, సేవ్ చేశా. మూడోసారి పంపా.

నా ప్రొఫైల్ పేరు తెలుగు అక్షరాల్లో ఉంటది. కాసేపటికి గేములో మెయిల్ వచ్చింది, తెలుగులోనే. "అన్నా తెలుగేనా, నాది ఒంగోలు. షీల్డ్ రెండు నిమిషాలు లేటయింది. పర్లేదులెండి గేమే కదా. నావి టీ3 అన్నా, మీవి టీ5 అనుకుంటా. ఎంత పెట్టారేంటి మీరు?"

తిట్టుంటే బావుండేది. తిడితే తిట్టొచ్చు. ఎంత పెట్టారు అని అడిగాడు, మామూలుగా, బండి ఎంత పడిందన్నా అని అడిగినట్టు. నాకు నిజంగా తెలీదు. ఒక యాభై వేలుంటుందా? ముప్పై? జవాబివ్వకుండా ఫోన్ బోర్లా పెట్టి మిగతా రిటర్నులు వేశా. డెబ్బై వేలు తొంభై వేలు సైన్యం పోవడం ఏంటో నాకు బాగా తెలుసు, నవంబర్లో పొద్దున్నే నేనూ చూశా. నేను ఇన్నాళ్ళూ కొన్నది బలం అనుకున్నా, నాకు అమ్మింది మాత్రం ఇలాంటోళ్ళని. ఫ్రీగా ఆడేవాళ్ళు లేకపోతే నా టీ5 ఎవడి మీద చూపించుకోవాలి? వాళ్ళకి గేమ్ ఫ్రీ ఎందుకంటే వాళ్ళే సరుకు.

ఇంత జ్ఞానోదయమైంది కాబట్టి మానేశానా? లేదు, ఇంకో ఏడు నెలలు ఆడా. అదే నెల్లో బీజీఎంఐ తిరిగొచ్చింది, మా పాత బ్యాచ్ పిలిచారు, వెళ్ళలేదు కూడా. అప్పటికే ఇక్కడ పెట్టింది వదులుకోలేని స్టేజి.

ఆపింది నీతి కాదు, ఇంకో తిమింగలం. గేమర్లు భారీగా పెట్టేవాళ్ళని వేల్స్ అంటారు, నేను మా అలయన్స్‌లో పెద్ద చేపనే, సముద్రంలోకి వెళ్తే రొయ్యని అని సెప్టెంబర్లో తెలిసింది. సర్వర్లు కలిపారు. అవతలి సర్వర్లో ఒక ప్లేయర్ ఉన్నాడు, ఏ దేశమో కూడా తెలీదు. వాళ్ళ అలయన్స్‌లోంచి ఎవడో స్క్రీన్‌షాట్ బయటపెట్టాడు, ఒక్క గంటలో వాడి పేరు మీద నలభై గిఫ్ట్ బాక్సులు, అన్నీ ₹8,900 ప్యాకులవే. వెయ్యండి లెక్క, మూడు లక్షల యాభై ఆరు వేలు. గంటకి! మా ఆఫీసులో ఇద్దరి ఏడాది జీతం దాదాపు. అదే నెల్లో కొత్త రకం గేర్ కూడా దింపారు, దాంతో నేను ఏడాదిగా పోగేసిన గేర్ అంతా ఒక్క అప్‌డేట్‌తో పాత ఇనుము అయిపోయింది. వాడు మా అలయన్స్ మొత్తాన్ని, వంద కోటల్ని, ఒక శనివారం మధ్యాహ్నం భోజనం చేసినంత సేపట్లో ఊడ్చేశాడు. మా కువైట్ అన్న వాయిస్‌లో "షీల్డులెయ్యండ్రా, షీల్డులెయ్యండి" అని అరుస్తానే ఉన్నాడు. భీమవరం తమ్ముడు మాత్రం నవ్వుతున్నాడు. "అన్నా, ఇప్పుడు మనందరం ఒకటే" అన్నాడు.

ఆ మాట నాకు బాగా గుచ్చుకుంది. అప్పుడు ఒక పని చేశా, అకౌంటెంటు బుద్ధి ఎక్కడికి పోద్ది. అక్టోబర్ 1న కొత్తగా తెరిచిన సర్వర్లో ఇంకో అకౌంటు మొదలుపెట్టా, పైసా పెట్టకూడదని ఒట్టేసుకుని, రోజూ ఎక్సెల్ షీట్లో రాసుకున్నా. కోట లెవెల్, రోజుకి ఎన్ని నిమిషాలు ఆడా, ఎన్నిసార్లు దెబ్బ తిన్నా, ఎన్ని ఆఫర్ బాక్సులు వచ్చాయి. 60 రోజులు. అరవయ్యో రోజున నేను 17వ లెవెల్లో ఉన్నా. అదే సర్వర్లో ఒకడు తొమ్మిదో రోజుకే 25 దాటేశాడు. మామూలుగా ఆడి అలా దాటడం కుదరదు, మేస్త్రులకి పట్టే టైమే అంతకంటే ఎక్కువ.

టైమ్ అమ్ముతున్నాం అంటారు కదా, సరే టైమ్ రేటెంతో చూద్దాం అని అది కూడా వేశా. ₹899 ప్యాకులో వచ్చే స్పీడప్పులు, అంటే ఎదురుచూసే టైముని తగ్గించేవి, అన్నీ కలిపితే 60 గంటలు. అంటే గంట దగ్గర దగ్గర ₹15. ఆ 11 రోజుల గోడ అంటే 264 గంటలు, అది ఇప్పుడే పూర్తి కావాలంటే ₹3,956 పడుద్ది. ఒక్క గోడ, ఒక్క లెవెల్! ఆ 11 రోజులు ఎవడు పెట్టాడు? ప్రకృతి పెట్టలేదు, వరి పంటా కాదు నాలుగు నెలలు ఆగడానికి. వాళ్ళే నంబర్ టైప్ చేశారు. ఆలస్యం వాళ్ళే తయారుచేసి, ఆ ఆలస్యం తీసెయ్యడానికి గంటకింత అని వాళ్ళే అమ్ముతున్నారు. మా దగ్గర ఏ వ్యాపారికైనా చెప్తే ఇలాంటి సరుకు మాకెక్కడ దొరుకుద్ది అని అడుగుతారు, తయారీ ఖర్చు లేదు, గోడౌన్ లేదు, ఎక్స్‌పైరీ లేదు.

ఆ రెండు నెలల్లో ఈ గొడవ మీద చాలా చదివా కూడా. 2017లో స్టార్ వార్స్ బాటిల్‌ఫ్రంట్ 2 అని గేమొచ్చింది, అదసలు ఫ్రీ కూడా కాదు, పూర్తి రేటు పెట్టి కొనుక్కున్నోళ్ళకి డార్త్ వేడర్ అనే పెద్ద విలన్ పాత్ర కావాలంటే గంటల తరబడి ఆడి క్రెడిట్లు సంపాదించాలన్నారు, ఆడే వాళ్ళు లెక్కేసి 40 గంటలు అని తేల్చారు. కంపెనీ వాళ్ళు రెడిట్లో సమాధానం చెప్పబోతే ఆ ఒక్క కామెంటుకి ఆరున్నర లక్షలకి పైగా డౌన్‌వోట్లు, అంటే నచ్చలేదనే ఓట్లు, పడ్డాయి, రికార్డు. దెబ్బకి రేట్లు 75 శాతం తగ్గించి, రిలీజ్ టైముకి గేములో కొనుగోళ్ళే ఆపేశారు. తర్వాతేడు బెల్జియం వాళ్ళు లోపల ఏముందో తెలీకుండా డబ్బు కట్టి తెరిచే లూట్ బాక్సులు జూదం కిందకే వస్తాయన్నారు, 2022లో డయాబ్లో ఇమ్మోర్టల్ అనే గేమ్ వచ్చినప్పుడు బెల్జియం, నెదర్లాండ్స్‌లో దాన్ని రిలీజే చెయ్యలేదు. అంతకుముందు డయాబ్లో 3లో నిజం డబ్బుతో కత్తులు కవచాలు కొనుక్కునే వేలం అంగడి పెట్టి, ఆట రుచే పోతోందని 2014 మార్చిలో వాళ్ళే మూసేశారు. అంటే తయారుచేసేవాళ్ళకి కూడా తెలుసు. జెన్షిన్ ఇంపాక్ట్ అనే గేములో లాటరీ లాగా ఒకసారి లాగితే ఐదు నక్షత్రాల క్యారెక్టర్ పడే ఛాన్స్ 0.6 శాతం అని గేములోనే రాసి ఉంటది, 90 సార్లు లాగితే ఒకటి గ్యారంటీ. యాపిల్ వాళ్ళు 2017 చివర్నుంచి అలాంటి ఛాన్సులు బయటపెట్టాలని రూల్ పెట్టారు. మంచిదే, కానీ జెన్షిన్ ఎక్కువ శాతం ఒంటరిగా ఆడుకునేది, ఎవడో 90 సార్లు లాగినా మన ఇల్లు తగలబడదు. అది జేబుకి నష్టం, నేను ఆడింది పక్కోడికి కూడా నష్టం.

మధ్యలో ఒక మాట. 2025 ఆగస్టులో కేంద్రం ఆన్‌లైన్ గేమింగ్ చట్టం తెచ్చాక మా ఆవిడ "మీ గేమ్ కూడా పోయిందిగా" అంది సంతోషంగా. పోలేదు. అది డబ్బు పందెం పెట్టి డబ్బు గెలుచుకునే వాటి మీద, రమ్మీ లాంటివి. మన ఆంధ్రాలో 2020లోనే, తెలంగాణలో 2017లోనే వాటిని ఆపారు. ఇక్కడ గెలిస్తే రూపాయి రాదు కాబట్టి ఇది పందెం కాదు. రూపాయి పోవడం మాత్రమే ఉంది.

సరే, డిసెంబర్ 31, 2023. ఇంట్లో అందరూ కేకు కోసం బేకరీకి వెళ్ళారు. నేను ప్లే స్టోర్లో ఆర్డర్ హిస్టరీ తెరిచా. అది కిందకి జరుపుతా ఉంటే జరుగుతానే ఉంది. ఒక్కోటీ షీట్లోకి ఎక్కించా. ₹89వి 61. ₹449వి 74. ₹899వి 48. ₹1,799వి 12. ₹8,900ది ఒకటి, అది సెప్టెంబర్లో ఆ తిమింగలం కొట్టిన రాత్రి, బుద్ధి లేక. మొత్తం 196 సార్లు, ₹1,12,295. నెలకి సగటున ఏడున్నర వేలు. అందులో 18 శాతం జీఎస్టీ తీస్తే ₹17,130 గవర్నమెంటుకి, వ్యాపారులకి వచ్చినట్టు ఇన్‌పుట్ క్రెడిట్ కింద ఆ పన్ను సర్దుకోవడం కూడా కుదరదు. ఈ ఆఖరి లైను రాసేటప్పుడు నాకే నవ్వొచ్చింది.

చూడండి, ఒక్క ₹8,900ది తప్ప ఏదీ పెద్దగా అనిపించదు. ₹449వే 33 వేలయ్యాయి. నెల మొత్తం ఎంతైందో గేములో ఎక్కడా కనపడదు, డబ్బు రత్నాలైపోద్ది, రత్నాలు స్పీడప్పులైపోతాయి, స్పీడప్పులు గోడైపోద్ది. మా క్లయింట్లలో ఎవడైనా పుస్తకాలు ఇలా రాస్తే నేనే వాణ్ణి అనుమానిస్తా.

మా ఆవిడకి ఆ రాత్రే చూపించా. అరవలేదు. షీటు మొత్తం చదివి, "ఈ నాలుగో కాలమ్ ఏంటి" అంది. దాడుల సంఖ్య అని చెప్పా. "ఇవి కూడా లెక్కపెట్టావా" అని ఫోన్ తీసుకుని కార్డు తీసేసింది, కొనుగోళ్ళకి వేలిముద్ర తనది పెట్టింది. ప్లే స్టోర్లో నెలవారీ బడ్జెట్ అని ఒకటుంటది, అది నేను అంతకుముందే పెట్టుకున్నా, పనికి రాలేదు, దాటితే హెచ్చరిస్తది గానీ ఆపదు. డిసెంబర్ 30న కొన్న ₹899ది ఒకటి మాత్రం 48 గంటలు దాటలేదు కాబట్టి రిఫండ్ అడిగితే తిరిగొచ్చింది. ఆ మొత్తం సరిచేసుకుంటే ₹1,11,396 అన్నమాట. రికార్డు కోసం చెప్తున్నా.

కోట అమ్మేద్దామా అనుకున్నా, కొనేవాళ్ళు ఉంటారు, కానీ రూల్స్‌కి విరుద్ధం, పైగా ఎవడు ఎవణ్ణి ముంచుతాడో తెలీదు. భీమవరం తమ్ముడికి ఊరికే ఇస్తానన్నా. "వద్దన్నా, దాంతో గెలిస్తే నాకు తెలీదు గెలిచింది నేనో మీరో" అన్నాడు. వాడికి ఇరవయ్యేళ్ళు.

వదిలేసే ముందు పాత మెయిల్స్ తీసి ఒంగోలు అతనికి రాశా. "తమ్ముడూ, మే నెల్లో అడిగావు ఎంత పెట్టారని. లక్షా పదకొండు వేల మూడొందల తొంభై ఆరు. లేటైంది సారీ." వస్తదని అనుకోలేదు గానీ రెండు రోజులకి జవాబొచ్చింది.

"ఓర్నాయనో అన్నా. నేను ఇంకా ఆడుతున్నా, నిన్ననే టీ4 వచ్చింది, ఫ్రీగానే. మీ కోటకి షీల్డ్ లేదు చూశా, ఈ శనివారం మా వాళ్ళు అటే వస్తున్నారు. వేసుకోండి."